పద్దు పుస్తకం ఎవరి చేతిలో?

అమెరికాలో బడిపంతుళ్ళ చదువు అప్పులు రద్దయితే మన వాడలకు ఒరిగేదేమిటి? ఈ సంగతి ఎత్తిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తున్నారు. న్యాయమైన ప్రశ్నే. కూలి సరిగ్గా దొరకని ఊళ్ళో కూర్చొని డాలర్ల లెక్కలు మాట్లాడుకోవడం వింతగానే ఉంటుంది. కానీ మన పిల్లలు ఇవాళ బి.ఇడి.లు, నర్సింగులు, ఇంజనీరింగులు చదువుతున్నారు. స్కాలర్‌షిప్ సరిపోనిచోట, సమయానికి రానిచోట అప్పు చేస్తున్నారు. ఆ చదువుతో తిరిగివచ్చి మన బడిలో, మన దవాఖానాలో పనిచేస్తే ఆ అప్పు సంగతేమిటి? అమెరికా వాళ్ళు ఈ ప్రశ్నకు జవాబుగా చట్టం చేశారు. ఆ చట్టాన్ని నమ్మినవాళ్ళు మోసపోయారు. పోరాడి చాలావరకు గెలిచారు. ఇప్పుడు మళ్ళీ చిక్కులో పడుతున్నారు. ముందు నడిచినవాడి కాలికి ఎక్కడ ముల్లు గుచ్చుకుందో వెనక వచ్చేవాడు చూసుకోవాలి గదా!

మేం సర్కారు బడుల్లో పాఠాలు చెప్పేవాళ్ళం. మాలో ఎక్కువమందిమి ఇంటికి మొదటి డిగ్రీవాళ్ళం. మేం చెప్పదలచింది ఒక్కటే. ప్రజలకు చేసిన పనికింద చదువు అప్పును చెల్లు రాయడం దానం కాదు, కూలి. అయితే ఆ చెల్లు ఎవరు రాస్తారు, ఎప్పుడు రాస్తారు, పద్దు పుస్తకం ఎవరి చేతిలో ఉంటుంది అన్నదాన్ని బట్టి అదే చట్టం విముక్తీ కావచ్చు, జీతగాడి బతుకూ కావచ్చు.

అక్కడ పంతులు అప్పులో ఎట్లా పడతాడు?

అమెరికాలో పన్నెండో తరగతి దాకా సర్కారు బడిలో చదువు ఉచితం. కాలేజీ గడప తొక్కిన నాటి నుంచి డబ్బే డబ్బు. టీచరు కావాలంటే నాలుగేళ్ళ డిగ్రీ ఉండి తీరాలి. చాలాచోట్ల ఆ పైన ఇంకో డిగ్రీ ఉంటే గానీ జీతం పెరగదు. ఇంట్లో డబ్బున్నవాడు కడతాడు. లేనివాడు వాళ్ళ కేంద్ర ప్రభుత్వం దగ్గర అప్పు చేస్తాడు. ఇట్లా అప్పున్నవాళ్ళు సుమారు 4.2 కోట్ల మంది. మొత్తం బాకీ 1.6 లక్షల కోట్ల డాలర్ల పైమాటే. వ్యాపారంలో మునిగినవాడు ఐ.పి. పెట్టి బయటపడొచ్చు. చదువు అప్పు మాత్రం ఐ.పి. పెట్టినా తేలిగ్గా వదలదు.

ఈ బరువు అందరి మీదా ఒక్కలాగా పడదు. 2016లో అక్కడి బ్రూకింగ్స్ సంస్థ ఒక అధ్యయనం అచ్చువేసింది. డిగ్రీ పట్టా చేతికొచ్చిన నాడు నల్లజాతి పట్టభద్రుడికి తెల్లవాడికన్నా సగటున 7,400 డాలర్లు ఎక్కువ అప్పు ఉంది. నాలుగేళ్ళు తిరిగేసరికి నల్లవాడి బాకీ సుమారు 53 వేల డాలర్లయింది, తెల్లవాడిది 28 వేల దగ్గరే ఉంది. నల్లవాడు దుబారా మనిషని కాదు. వాడి తాత 1865 దాకా బానిస. తండ్రికి ఇల్లు కొనడానికి బ్యాంకు అప్పు ఇవ్వలేదు. అప్పు తీర్చిపెట్టడానికి అమ్ముకునే చెక్క భూమి లేదు. ఉద్యోగం కోసం పై చదువుకు పోతే దానికీ అప్పే. కట్టే కిస్తు వడ్డీకే చాలదు, అసలు పెరుగుతుంది. ఇంటికి మొదటి డిగ్రీవాడి పరిస్థితి ఏ దేశంలోనైనా ఇదే. అందరూ ఒకే పరీక్ష రాశారు గదా అని ప్రతిభ గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఈ నాలుగేళ్ళ లెక్క ఒక్కసారి చూడాలి.

చట్టం పుట్టిన తీరు

టీచర్ల అప్పు చెల్లు రాయడం అక్కడ నిన్నమొన్నటి మాట కాదు. 1957లో రష్యా వాళ్ళు స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపించారు. అమెరికా పాలకులకు వణుకు పుట్టింది. మన బడుల్లో చదువు సరిగా లేదు, టీచర్లు చాలరు అని 1958లో ఒక విద్యా చట్టం తెచ్చారు. కాలేజీ పిల్లలకు తక్కువ వడ్డీకి అప్పులిచ్చారు. చదివి సర్కారు బడిలో టీచరుగా చేరితే, పనిచేసిన ఒక్కో ఏడాదికి అప్పులో పది శాతం చొప్పున ఐదేళ్ళలో సగం కొట్టేశారు. తర్వాత ఇదే పద్ధతి పెర్కిన్స్ రుణాలన్న పేరుతో సాగింది. పేద పిల్లల బడిలో చెప్పే టీచరుకు మొదటి రెండేళ్ళూ 15 శాతం చొప్పున, తర్వాతి రెండేళ్ళూ 20 శాతం చొప్పున, ఐదో ఏడు 30 శాతం, మొత్తం నూటికి నూరూ చెల్లు. ఆ కొత్త అప్పులు 2017లో ఆపేశారు. కానీ ఈ పద్ధతిని మనసులో ఉంచుకోండి. ఏ ఏడు పని ఆ ఏడే చెల్లు.

పేద పిల్లల బడిలో వరసగా ఐదేళ్ళు చెప్పినవారికి ఇంకో చిన్న మాఫీ ఉంది. హైస్కూల్లో లెక్కలు, సైన్సు చెప్పేవారికీ, వైకల్యం ఉన్న పిల్లలకు చెప్పేవారికీ 17,500 డాలర్ల దాకా. మిగిలినవారికి 5,000. చిన్నపిల్లల చేత అక్షరం దిద్దించే పంతులమ్మ పనికి ఎక్కడైనా ఇంతే విలువ కాబోలు!

అన్నిటికన్నా పెద్దది 2007లో వచ్చిన చట్టం. అధ్యక్షుడు బుష్ సంతకం చేశాడు. దాని సారం ఇది. ప్రభుత్వంలో గానీ, లాభాపేక్ష లేని సేవాసంస్థలో గానీ పూర్తికాలం పనిచేస్తూ 120 నెలసరి కిస్తులు, అంటే పదేళ్ళ కిస్తులు, కట్టినవారికి మిగిలిన బాకీ ఎంతున్నా రద్దు. కిస్తు జీతాన్ని బట్టి ఉంటుంది. ఇందులో మాకు నచ్చింది ఒకటుంది. నువ్వే పని చేస్తున్నావని చట్టం అడగదు, ఎవరి దగ్గర చేస్తున్నావని అడుగుతుంది. టీచరు, నర్సు, మంటలార్పేవాడు, మునిసిపాలిటీ గుమాస్తా, బడి బస్సు నడిపేవాడు, ఎవరైనా సరే, చదువు అప్పుండి పూర్తికాలం ప్రజల కొలువులో ఉంటే చాలు. పనుల్లో ఎక్కువ తక్కువలు పెట్టలేదు. చాకిరీకి కులం అంటగట్టిన దేశంలో ఉన్న మనం ఈ మాటను గుర్తించాలి.

ఇది జీతానికి ఉండటం లాంటిదేనా?

ఇక్కడ మన పెద్దవాళ్ళకు ఒక అనుమానం రావాలి. వస్తే అది సరైన అనుమానమే. అప్పిచ్చి, పదేళ్ళు పనిచేస్తే తీరిపోతుందనడం మనం ఎరగనిదా? తెలంగాణలో జీతగాడన్నా, కోస్తాలో పాలేరన్నా మన తాతల కథ అదే. పెళ్ళికో, చావుకో, జబ్బుకో దొర దగ్గర కాసిని రూపాయలు తెచ్చుకున్నారు. దాని కింద కొడుకును జీతం పెట్టారు. పద్దు దొర రాశాడు, వేలిముద్ర మనవాడు వేశాడు. జ్వరమొచ్చి పడుకున్న రోజులు, తాగిన గంజి, తప్పిపోయిన గొడ్డు అన్నీ బాకీలో కలిశాయి. ఏళ్ళు గడిచినా అసలు తీరలేదు. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు. 1975లో ఆర్డినెన్సు, 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చి ఆ అప్పులన్నీ చెల్లవు అని తేల్చేదాకా అది న్యాయమైన బాకీ అనే చెలామణి అయింది. అప్పు రద్దు చేస్తే దేశం మునిగిపోతుందనేవాళ్ళకు ఒక మాట గుర్తుచేద్దాం. ఈ దేశంలో చట్టమే ఒక కలంపోటుతో వెట్టి అప్పులన్నీ కొట్టేసింది. మునిగింది దొరల పెత్తనం. అదీ పూర్తిగా మునగలేదు.

అమెరికా చట్టానికీ జీతానికీ తేడా ఉంది. అక్కడ పనికి జీతం విడిగా వస్తుంది. యజమాని నచ్చకపోతే ఇంకో బడికి, ఇంకో ఊరికి మారొచ్చు. గడువు చట్టంలో రాసి ఉంది. తండ్రి బాకీకి కొడుకును పట్టుకోరు. ఈ తేడాలు చిన్నవి కావు. అయితే ఒక్కచోట మాత్రం రెండూ ఒకటే. లెక్క రాసేది అప్పిచ్చినవాడే. ఆ ఒక్క సందులోంచే మోసమంతా దూరింది.

వందలో తొంభైతొమ్మిది మందికి కాదన్నారు

2007 నుంచి పదేళ్ళు లెక్కపెట్టుకున్నవాళ్ళు 2017 అక్టోబరులో దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టారు. 2018 జూన్ నాటికి దరఖాస్తు చేసినవాళ్ళు సుమారు 28 వేలమంది. అప్పు రద్దయింది 96 మందికి. 96 వేలు కాదు, తొంభై ఆరు మందికి!

ఎందుకు కాదన్నారు? పని చేయలేదనా? పని చేశారు. కిస్తులు కట్టలేదనా? కట్టారు. నీ అప్పు ప్రభుత్వం నేరుగా ఇచ్చింది కాదు, ప్రభుత్వ పూచీ మీద బ్యాంకు ఇచ్చింది కాబట్టి చెల్లదన్నారు. నువ్వు ఎంచుకున్న కిస్తు పద్ధతి వేరేదన్నారు. ఫలానా నెల గడువు దాటి పదిహేను రోజుల తర్వాత కట్టావన్నారు. కట్టిన దాంట్లో కొద్ది చిల్లర తగ్గిందన్నారు. యజమాని సంతకం, వివరాలు సరిగా లేవన్నారు. అప్పు వసూలు పనిని ప్రభుత్వం కాంట్రాక్టు సంస్థలకు అప్పగించింది. ఆ సంస్థల్లో ఫోన్ తీసినవాళ్ళు ఏళ్ళ తరబడి "మీది సరైన దారే, కడుతూ ఉండండి" అన్నారు. పదేళ్ళయ్యాక "మీ అప్పు ఈ పథకం కిందికి రాదు" అన్నారు. ఆ పదేళ్ళలో ఒక్కసారైనా ముందుగా కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే వాళ్ళు అప్పు మార్చుకునేవాళ్ళు, కిస్తు పద్ధతి మార్చుకునేవాళ్ళు.

తప్పిపోయిన గొడ్డును బాకీలో కలిపిన దొర పద్దుకూ దీనికీ తేడా ఎక్కడుంది?

చివరిదాకా ఆగమనడంలోనే మోసం ఉంది. 1958 నాటి పద్ధతిలో మూడేళ్ళు పనిచేస్తే ముప్ఫై శాతం చెల్లు చేతికొచ్చేది. నాలుగో ఏడు ప్రభుత్వం మాట తప్పినా ఆ మూడేళ్ళు ఎవరూ గుంజుకోలేరు. 2007 పద్ధతిలో 119 కిస్తులు కట్టినా చెల్లు సున్నా. పెట్టుబడంతా పనిచేసేవాడిది, చివరి మాట అప్పిచ్చినవాడిది.

లెక్క మారింది, చట్టం మారలేదు

ఊరుకున్నవాళ్ళకు న్యాయం జరగలేదు. 2019 జూలైలో అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్ అనే ఉపాధ్యాయ సంఘం, మోసపోయిన కొందరు టీచర్లతో కలిసి విద్యామంత్రి మీద కోర్టుకు వెళ్ళింది. 2021 అక్టోబరులో రాజీ కుదిరింది. అదే నెలలో, వెనకటి కిస్తులన్నీ అప్పు రకం చూడకుండా, పద్ధతి చూడకుండా, ఆలస్యం చూడకుండా మళ్ళీ లెక్కపెడతామని ప్రభుత్వం ప్రకటించింది. ఏడాదిపాటు, 2022 అక్టోబరు 31 దాకా, ఆ సడలింపు ఉంచింది. నిబంధనలూ కొంత సరిచేసింది.

ఏమయిందో చూడండి. 2021 మొదలు నాటికి ఈ పథకం కింద అప్పు రద్దయినవాళ్ళు సుమారు 7 వేలమంది. 2024 అక్టోబరు నాటికి 10 లక్షల మంది దాటారు. రద్దయిన బాకీ సుమారు 7,400 కోట్ల డాలర్లు. అంటే తలకు 70 వేల డాలర్ల దాకా. ఈ మధ్యలో పార్లమెంటు కొత్త చట్టమేదీ చేసి వాళ్ళకు కొత్త హక్కు ఇవ్వలేదు. అదే చట్టం, అదే టీచర్లు, అవే పదేళ్ళు. మారింది లెక్కపెట్టే తీరు. హక్కు కాగితం మీద ఉండటం ఒక ఎత్తు, దాన్ని లెక్కలోకి ఎక్కించడం ఇంకో ఎత్తు. భూసంస్కరణల చట్టాన్ని చూసినవాళ్ళం, మనకు వేరే చెప్పాలా?

కానీ పద్దు ఇంకా అప్పిచ్చినవాడి చేతిలోనే ఉంది. 2025 మార్చి 7న అధ్యక్షుడు ట్రంప్ కొత్త ఉత్తర్వు ఇచ్చాడు. ప్రధానంగా చట్టవిరుద్ధమైన పనులకు పాల్పడుతున్నదని తేల్చిన సంస్థలో పనిచేసేవారికి ఈ రద్దు వర్తించకూడదన్నాడు. చట్టవిరుద్ధం అంటే ఏమిటో ఉత్తర్వులో జాబితా ఉంది. వలస చట్టాల ఉల్లంఘనకు తోడ్పడటం ఉంది, ప్రజాశాంతికి భంగం ఉంది, రహదారులు అడ్డగించడం కూడా ఉంది. రాస్తారోకో చేసిన సంస్థలో పనిచేస్తే నీ పదేళ్ళ చెల్లు అనుమానంలో పడుతుందన్నమాట! 2025 అక్టోబరు చివర దీన్ని నిబంధనగా ఖరారు చేసి, 2026 జూలై 1ని అమలు తేదీగా పెట్టారు. ఏ సంస్థ దోషో తేల్చే అధికారం విద్యామంత్రికిచ్చారు. నవంబరులోనే ఎన్నో రాష్ట్రాలు, నగరాలు, ఉపాధ్యాయ సంఘాలు కోర్టుకెక్కాయి. అప్పున్నవాడు నోరెత్తడన్న సంగతి అన్ని దేశాల పాలకులకూ తెలుసు.

"చదువుకోనివాడి పన్నుతోనా?"

ఈ రద్దుల మీద అక్కడ ఒక అభ్యంతరం గట్టిగా వినిపిస్తుంది. కాలేజీ మొహం చూడని కూలివాడు కట్టిన పన్నుతో కాలేజీ చదివినవాడి అప్పు తీర్చడం ఏం న్యాయం అని. ఈ మాటకు జవాబు చెప్పకుండా దాటెయ్యకూడదు. ఎందుకంటే రేపు ఇక్కడా ఇదే మాట అంటారు. మన కూలివాళ్ళ చేతే అనిపిస్తారు.

రెండు వేరువేరు సంగతులను కలిపి గందరగోళం చేస్తున్నారు. అధ్యక్షుడు బైడెన్ ఏ పనీ షరతుగా పెట్టకుండా, ఆదాయ పరిమితి మాత్రం పెట్టి, కోట్లమందికి తలా కొంత రద్దు చేస్తానన్నాడు. దాని ఖర్చు 40,000 కోట్ల డాలర్లని అంచనా. దాన్ని 2023 జూన్ 30న వాళ్ళ సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగా చీలి కొట్టేసింది. ప్రజాసేవకు ఇచ్చే రద్దు అది కాదు, కోర్టు దాన్ని కొట్టెయ్యలేదు. ఇది పని తీసుకొని ఇచ్చే చెల్లు. కూలివాడి బిడ్డకు పాఠం చెప్పినందుకు, కూలివాడి తల్లికి సూది మందు వేసినందుకు ఇచ్చేది. ఆ పంతులే కార్పొరేటు కంపెనీకి పోతే ఎక్కువ సంపాదించేవాడు. పోకుండా బడిలో ఉన్నందుకు తక్కువ పడిన కూలినే ప్రభుత్వం ఈ రూపంలో కట్టింది.

ఇంకో మాట. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అమెరికా ప్రభుత్వం వ్యాపారులకు జీతాల ఖర్చు పేరిట దాదాపు 80,000 కోట్ల డాలర్ల అప్పులిచ్చింది. అందులో తొంభై శాతానికి పైగా రద్దు చేసింది. అప్పుడు కూలివాడి పన్ను గురించి కన్నీళ్ళు పెట్టినవాళ్ళు తక్కువ. మన దగ్గర 2008లో కేంద్రం రైతు రుణాలు మాఫీ చేసింది, తర్వాత రెండు తెలుగు రాష్ట్రాలూ చేశాయి. కష్టంలో ఉన్న రైతుకు చేయాల్సిందే, మనం కాదనం. కానీ మాఫీ పోయింది బ్యాంకు అప్పున్నవాడి దగ్గరికి, అంటే ఎక్కువగా పాసుపుస్తకం ఉన్నవాడి దగ్గరికి. భూమి లేని మన కూలివాడికీ, కాగితం లేని కౌలుదారుకూ మాఫీ చేయడానికి బ్యాంకులో అప్పే లేదు. మన ఇళ్ళలో బ్యాంకు నోటు మీద అప్పంటూ ఉంటే అది పిల్లల చదువు అప్పే. దానికి మాత్రం ఎవరూ మాఫీ మాట ఎత్తరు.

బాబాసాహెబ్ సంతకం చేసిన పదేళ్ళు

చదువుకు బదులు పదేళ్ళ కొలువు అన్న ఒప్పందం మన చరిత్రలోనే ఉంది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ భీమ్‌రావ్ అంబేద్కర్‌కు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళకు స్కాలర్‌షిప్ ఇచ్చాడు. చదువయ్యాక పదేళ్ళు బరోడా సంస్థానంలో పనిచేయాలని షరతు. అంబేద్కర్ సంతకం చేశాడు. కొలంబియాలో చదివాడు, లండన్‌లో చేరాడు, గడువు అయిపోగానే చదువు మధ్యలో ఆపి 1917లో మాట ప్రకారం బరోడా వచ్చాడు.

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. బరోడా నిలబెట్టుకోలేదు. అంత చదువు చదివిన అధికారికి ఊళ్ళో అద్దెకు గది దొరకలేదు. పార్శీల సత్రంలో పేరు మార్చుకొని తలదాచుకుంటే, సంగతి తెలిసి కర్రలు పట్టుకొని వచ్చి వెళ్ళగొట్టారు. పదేళ్ళ కొలువు కొద్దికాలానికే ముగిసింది. 1920లో లండన్ చదువు పూర్తి చేయడానికి తను దాచుకున్న డబ్బు, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, నవల్ భతేనా అనే మిత్రుడి దగ్గర తెచ్చిన అప్పు కలుపుకొని మళ్ళీ ఓడెక్కాడు.

ఒప్పంద పత్రాల్లో ఎప్పుడూ ఒకవైపే రాస్తారు. పని చేయకపోతే నీకు శిక్ష ఏమిటో రాస్తారు. పని చేయనివ్వకపోతే వాళ్ళకు శిక్ష ఏమిటో రాయరు. కులం చేసిన ద్రోహం ఏ పద్దులోకీ ఎక్కదు. అందుకే బాబాసాహెబ్ తన చేతికి అధికారం వచ్చినప్పుడు అప్పు అడగలేదు, స్కాలర్‌షిప్ అడిగాడు. వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడిగా ఉండి పోరి సాధించిన డబ్బుతోనే 1944లో ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. మాలో చాలామందిమి ఆ స్కాలర్‌షిప్ తిండి తిని పంతుళ్ళయినవాళ్ళమే.

మన దగ్గర లెక్కకు రాని ఏళ్ళు

ఇక్కడ ఇప్పుడు ఏం ఉంది? బ్యాంకులో చదువు అప్పు 7.5 లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి తనఖా అడుగుతారు. ఊరి చివర ఇంటి జాగా తప్ప ఏమీ లేనివాడు ఏం పెడతాడు? కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే కొన్ని చదువులకు, చదివే కాలపు వడ్డీని కేంద్రం భరించే పథకం 2009లో వచ్చింది. 2024 నవంబరులో ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి తనఖా అడగనంటుంది గానీ, అది మొదట ఎంచిన 860 పెద్ద సంస్థలకే. మండలంలోని బి.ఇడి. కాలేజీకి, జిల్లాలోని నర్సింగ్ స్కూలుకు దాని నీడ పడదు. పైగా ఇవన్నీ వడ్డీ దగ్గరే ఆగిపోతాయి. పనిచేసిన ఏళ్ళను బట్టి అసలు తగ్గించే ఏర్పాటు వీటిలో లేదు. అప్పుచేసి అమెరికా పోయిన మన పిల్లలకూ అక్కడి చట్టం పనికిరాదు. పరాయి దేశపు విద్యార్థికి వాళ్ళ కేంద్ర ప్రభుత్వం అప్పివ్వదు, ఇవ్వని అప్పు రద్దు చేయదు.

పని లెక్క సంగతికొస్తే, ఉమ్మడి రాష్ట్రంలో 1980లలో స్పెషల్ టీచర్లని నెలకు 398 రూపాయలకు పెట్టుకున్నారు. అందరిలాగే పాఠాలు చెప్పారు. ఆ సర్వీసును లెక్కలోకి తెమ్మని దశాబ్దాలు ఆఫీసుల చుట్టూ తిరిగారు. తర్వాత అప్రెంటిస్ టీచర్లన్నారు, విద్యా వాలంటీర్లన్నారు, కాంట్రాక్టు లెక్చరర్లన్నారు, అవుట్‌సోర్సింగ్ అన్నారు. పేరు మార్చినప్పుడల్లా ఏళ్ళు మాయమయ్యాయి. అమెరికాలో మాయమైంది కిస్తు, ఇక్కడ మాయమైంది సర్వీసు. విద్య ఒక్కటే!

ప్రభుత్వం మనకు బాకీపడితే దానికి గడువూ లేదు, వడ్డీ లేదు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చి లక్షల పిల్లల్ని కాలేజీ గడప దాటించింది. కానీ బకాయిలు ఎంత పేరుకుపోయాయంటే 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీ యాజమాన్యాలే కాలేజీలు మూసి కూర్చున్నాయి. యాజమాన్యాలు మూస్తాయి, తెరుస్తాయి. సర్టిఫికెట్ ఆగిపోయేది మన పిల్లది. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోతూ రాసిన ఉత్తరంలో ఒక లెక్క ఉంది. తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్, లక్షా 75 వేల రూపాయలు, తన ఇంటివాళ్ళకు ఇప్పించమన్నాడు. అందులోంచే తను బాకీపడిన ఒక మిత్రుడికి తీర్చమన్నాడు. తన బాకీని రూపాయితో సహా గుర్తుపెట్టుకున్నవాడు ఆ బిడ్డ. తనకు రావలసిన బాకీని మర్చిపోయింది ఎవరు?

ఏం అడగాలి?

ఒకటి. మొదటి మాట స్కాలర్‌షిప్. అది పూర్తిగా, ఏ ఏటికాయేడు రావాలి. అప్పు మాఫీ చూపించి స్కాలర్‌షిప్‌కు కోతపెడితే ఒప్పుకోకూడదు.

రెండు. అప్పు చేయక తప్పనివాడు చదివి సర్కారు బడిలో, గురుకులంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, పంచాయతీలో, మునిసిపాలిటీలో పనిచేస్తే ఐదేళ్ళలో అప్పు మొత్తం తీరాలి. ఏ ఏడు పని ఆ ఏడే చెల్లు రాయాలి. పదేళ్ళు ఆగమనే పద్ధతి మనకొద్దు.

మూడు. రెగ్యులర్, కాంట్రాక్టు, గెస్టు, అవుట్‌సోర్సింగ్ అన్న తేడా లేకుండా పనిచేసిన ప్రతి నెలా లెక్కకు రావాలి.

నాలుగు. ఏటా చెల్లు ఎంతయిందో ముద్ర వేసిన కాగితం పనిచేసినవాడి చేతికి ఇవ్వాలి. ఏదైనా నెల చెల్లదంటే ఆ ఏడాదిలోనే కారణం రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ నెల చెల్లినట్టే.

ఐదు. కుల వేధింపుతో ఉద్యోగం వదలాల్సి వచ్చినా, పోస్టే ఎత్తేసినా, మిగిలిన భారం ప్రభుత్వానిది. సంఘంలో ఉన్నాడని, ధర్నాలో కూర్చున్నాడని చెల్లు ఆపకూడదు.

ఇవన్నీ రేపే వస్తాయని మేం చెప్పడం లేదు. అమెరికా టీచర్లు గెలవడానికి సంఘం కావలసి వచ్చింది, కోర్టు కావలసి వచ్చింది, అన్నిటికన్నా ముందు దాచిపెట్టుకున్న రశీదులు కావలసి వచ్చాయి. కాబట్టి కార్యకర్తలు ఈ నెల నుంచే ఒక పని మొదలుపెట్టవచ్చు. ప్రతి వాడలో ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరి బిడ్డకు ఏ ఏడు స్కాలర్‌షిప్ ఎంత ఆగింది, ఏ బ్యాంకులో ఎంత అప్పుంది, ఎంత కట్టారు, ఎవరు ఏ బడిలో ఏ పేరుతో ఎన్ని నెలలు పనిచేశారు, అన్నీ రాయండి. ఆర్డరు కాగితాలు, జీతం స్లిప్పులు, బ్యాంకు రశీదులు జిరాక్సు తీసి అందులో పెట్టండి. మన తాతలు వేలిముద్రలు వేశారు. రాయడం వచ్చినవాళ్ళం మనం. ఈసారి పద్దు మనం రాద్దాం.

జై భీం!